ఆషాఢంలో వెనక సీటు

మొన్న మా మనవరాలు లడఖ్ ప్రయాణానికని తన మోటారుసైకిలును వాకిట్లో నిలబెట్టి, రెండువైపులా రేకు పెట్టెలు బిగిస్తుంటే కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఫోను స్టాండు, గాలి కొట్టే బుల్లి మిషను, మోకాళ్ళకు తొడుగులు... పెళ్ళికూతురికైనా అన్ని అలంకారాలు ఉండవు! చూస్తూ చూస్తూ నేను మా పెళ్ళయిన ఏటి ఆషాఢంలోకి వెళ్ళిపోయాను. ఆ నెలలో కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదని కోడల్ని పుట్టింటికి పంపేయడం నా ఈడు వాళ్ళందరికీ తెలిసిందే.

మా మామగారిది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. మాఘంలో పెళ్ళయింది, వెంటనే సీజను మొదలైంది, మావారు లారీల దగ్గర, నేను వంటింట్లో, ఇద్దరం పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. ఆషాఢానికి కాయ అయిపోయింది. నన్నెలాగూ మైలవరంలో మా పుట్టింటికి పంపేస్తారు కదా అని ఆయన మోటారుసైకిలు మీద పూరీ రథయాత్రకు సిద్ధమయ్యారు. నేనూ వస్తానని అనాలని ఎంత ఉన్నా నాకు నోరు పెగల్లేదు.

మెకానిక్కు వచ్చి చెయిను మార్చాడు, ఇంజనాయిలు పోశాడు, ప్లగ్గు గీకి పెట్టాడు. తరవాత మావారు ట్యూబులు, పంపు, స్పానర్లు, దుప్పట్లు అన్నీ వెనక సీటు మీద గుట్టగా పేర్చి తాడు బిగిస్తుంటే, తలుపు చాటున నిలబడిన నాకు ఏడుపొక్కటే తక్కువ. నా మొహం అత్తగారు ఎప్పుడు చూశారో తెలియదు. "ఏంట్రా ఇది, కాయలు కుమ్మరించినట్టు?" అని కొడుకును కసిరి తాడు విప్పించేశారు.

కాయలు సర్దడంలో మా అత్తగారు పెట్టింది పేరు. గడ్డి పరిచి, కాయకు కాయ ఒరుసుకోకుండా, అలాగని వేలు దూరే సందు కూడా వదలకుండా సర్దేవారు. ఆరోజు రెండు గోనెసంచులు తెప్పించి దుప్పట్ల మధ్య పంపు, గడ్డిలో చుట్టిన స్పానర్లు, మిగిలిన సందుల్లో ఆఖరి కోత దోరకాయలు, ముందు పండేవి పైనా వెనక పండేవి అడుగునా పెట్టి, బరువు చూసుకుని బండికి రెండువైపులా కావడిలా కట్టించారు. సీటు ఖాళీ అయింది. కొంగుతో దాన్ని తుడిచి, "ఎక్కమ్మా" అన్నారు నాతో.

మామగారు అదిరిపడ్డారు. "ఆషాఢంలో కొత్త కోడలు బండెక్కి ఊరేగడమేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"అత్తాకోడళ్ళు ఒక్క గడప దాటకూడదన్నారు. నేనింట్లోనే ఉంటున్నాగా! మొగుడూ పెళ్ళాం ఒక్క బండి ఎక్కకూడదని ఎవరన్నా అన్నారేంటండీ?"

ఆషాఢం పట్టింపు అసలు కొత్త జంటను విడిగా ఉంచడానికేనని ఆవిడకు తెలియక కాదు. మామగారు కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

పూరీ దాకా ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ వెళ్ళాం. ఇంజను హోరులో ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాలి, ఇంక సిగ్గెక్కడ నిలుస్తుంది? ఆయనతో మాట్లాడడం నేను నేర్చుకున్నది ఆ దారిలోనే. అత్తగారు సర్దిన వరసలోనే రోజూ కాయలు పండుతుంటే రోడ్డు పక్కన ఆగి తిన్నాం. నా కాపురానికి నాంది ఎవరు పలికారంటే పురోహితుడి పేరు చెప్పను నేను.

మా మనవరాలు ఎవర్నీ అడగలేదు, వెళ్తున్నానని చెప్పిందంతే. ఎంత సంతోషమో! అడగలేని దాని మొహం చూసి చోటు చేసి పెట్టే పెద్దవాళ్ళతో ఈ పిల్లలకు పనిలేదు. మా అత్తగారు మాత్రం ఏ బండీ ఎక్కకుండానే వెళ్ళిపోయారు. ఆవిడా ఒకప్పుడు కొత్త కోడలే, ఆవిడకూ ఏదో ఊరు చూడాలని ఉండే ఉంటుంది. అలాంటి అత్తగారు ఆవిడకు దొరకలేదు, నాకు దొరికారు.