నాడి చెప్పిన మాట

తిరువూరు బస్టాండులో విస్సన్నపేట బస్సు కోసం కూర్చున్నాను. పక్కనే నా వయసావిడ ఫోన్లో ఎవరితోనో అంటోంది: "గుండెకి అతికించే పొర ఇప్పుడు ఎంత వంచినా తెగట్లేదు సార్."

పీహెచ్‌డీలో నేను చేసిందీ ఆ పనే, గుండె కొట్టుకోవడాన్ని కొలిచే పల్చటి పొర తయారుచెయ్యడం. నా పొరలు కాస్త వంచితే చాలు, లోపలి తీగలు పుటుక్కున తెగిపోయేవి. ప్రాజెక్టు ఆగిపోయాక వదిలేసి వచ్చి, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుంటున్నాను.

ఆవిడ ఫోన్ పెట్టేశాక ఉండబట్టలేక అడిగాను. పీహెచ్‌డీ అయ్యాక అదే పరిశోధన మీద పోస్ట్‌డాక్ చేస్తోందట, సెలవుకి వచ్చిందట. "చూస్తారా అండీ?" అంటూ సంచిలోంచి చిన్న డబ్బా తీసి, ఉల్లిపొరలాంటి ముక్కని నా మణికట్టు మీద అతికించింది. నా నాడి ఆవిడ ఫోన్లో గీతై కదిలింది.

చెయ్యి వంచాను, మెలిపెట్టాను. తెగితే బాగుండుననే చూశాను. అది నా చర్మంతోపాటే ముడతపడి, మళ్లీ సాగింది.

"అరె, ఇంత వేగంగా కొట్టుకుంటోందేంటండీ? ఒంట్లో బాగానే ఉందా?" అంది ఆవిడ కంగారుగా.

"ఎండకి అండి," అన్నాను.

మంచినీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చింది. నేను తాగుతున్నంతసేపూ, గీత నెమ్మదించేదాకా, ఫోను వంకే చూస్తూ కూర్చుంది.