నా చేతి కొలతకు చేసిన గిటార్

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు చేస్తారు. కమాన్‌పూర్ దారిలో ఉన్న మా ఇంట్లో ముందు కిటికీ అద్దాలు అదురుతాయి, ఆ వెంటనే వంటింటి అరలో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. అరవై దాటిన ప్రాణానికి ఇదంతా మామూలే. ఈమధ్య కొత్తగా గోడకు తగిలించిన గిటార్ కూడా వాటితో కలిసింది. ఎవరూ తాకకుండానే సన్నగా మూలుగుతుంది. నిన్న కూడా మూలిగింది. "మీ తమ్ముడు పిలుస్తున్నడు, పలుకుండ్రి" అంది మా ఆవిడ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. నేను లేచి వెళ్ళి తీగల మీద అరచెయ్యి పెట్టి దాని నోరు మూయించాను.

ఆ గిటార్ మా తమ్ముడు ఇచ్చింది. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ఇంకో నెలలో రిటైరవుతాడనగా, ఒక పొడుగాటి నల్లపెట్టె ఆటోలో వేసుకుని మా గుమ్మం ముందు దిగాడు. చిన్నపిల్లవాడిలా మొహమంతా నవ్వు. "అన్నా, నీ చేతికి తగ్గట్టు చేయించిన. నా ఫంక్షన్ల నువ్వు దీని మీదనే వాయించాలె" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, అంతకు ఆరు నెలల కింద వీడు స్నేహితుడంటూ వెంటబెట్టుకొచ్చిన కుర్రాడు టీ తాగుతూ నా ఎడమచెయ్యిని అటూ ఇటూ తిప్పి ఎందుకు చూశాడో. ఆ కుర్రాడి తండ్రి ఖని పట్నంలో హార్మోనియాలు బాగుచేసేవాడు. కొడుకు బెంగళూరులో గిటార్లు చేయడం నేర్చుకొచ్చి ఇంటి వెనక రేకులషెడ్డులో పని మొదలుపెట్టాడు. చేయి చూస్తుంటే జాతకం చెప్తాడేమో అనుకున్నాను. చెప్పినా ఇక చెప్పడానికేం మిగిలిందని నవ్వుకున్నాను కూడా.

పెట్టె తెరిస్తే కొత్త చెక్క వాసన. ముందు పలక లేత పసుపు, వెనక ముదురు చింతగింజ రంగు. ముట్టుకుంటే మైలపడుతుందేమో అన్నంత నున్నగా ఉంది. నాకు సంతోషం వేయాలి. వేయలేదు. కడుపులో పాత మంటే లేచింది. వాడు వెళ్ళాక మా ఆవిడ ఆ మంటకు మాటల రూపం కూడా ఇచ్చింది. "ఉద్యోగం తాను తీసుకొని, గిటార్ మీ చేతిల పెట్టి చేతులు కడుక్కుంటున్నడు" అంది. నేను కాదనలేదు.

ఇక్కడివాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళ కోసం చెప్పాలి. బాయిలో పనిచేసే మనిషి ఒంట్లో బాగాలేక ఇక దిగలేడని డాక్టర్లు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుకుల్లో ఒకడికి వచ్చేది. ఒకడికే. మా బాపుకి ఊపిరితిత్తులు చెడిపోయాయి. పెద్దవాణ్ణి కాబట్టి నాకేనని ఇంట్లో అందరూ అనుకున్నదే. ఆ నమ్మకంతోనే నేను చదువు మధ్యలో వదిలేశాను. మా వాడలో ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు నన్ను పేరుపెట్టి పిలవడం మానేసి "ఏం బిడ్డా, మంచిగున్నవా" అనడం కూడా మొదలైంది. ఖాళీగా ఉండలేక ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాణ్ణి. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఒక పెళ్ళికి వాయించడానికి పోయి, రెండోరోజు పొద్దున దుమ్ముకొట్టుకుని ఇంటికొచ్చేసరికి బాపు ఆ ఉద్యోగానికి తమ్ముడి పేరు రాయించి వచ్చేశాడు. మంచంమీద పడుకుని గోడవైపు తిరిగి ఒకే మాట అన్నాడు: "నీకు చేతిల విద్య ఉన్నది. వాడేం చేసి బతుకుతడు?"

నేను బాపుతో వాదించలేదు. తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. వేరుగా కాపురం పెట్టుకున్నాను. పిల్లలకు గిటార్ నేర్పుతూ, ప్రైవేటు బడుల్లో పాటల సారుగా తిరుగుతూ బతికాను. సంబంధాలు చూసేటప్పుడు నన్ను "మ్యూజిక్ మాస్టర్" అనేవాళ్ళు. ఉద్యోగం లేదని చెప్పడానికి అదొక మర్యాద. తమ్ముడికి క్వార్టర్ వచ్చింది, కంపెనీ దవాఖాన వచ్చింది, అందుకని అవ్వ, అంటే మా అమ్మ, కూడా వాడి దగ్గరే ఉండిపోయింది. చలికాలంలో బొగ్గు బస్తా పంపేవాడు, పండక్కి అందరికీ బట్టలు తెచ్చేవాడు, ఎదురొస్తే బండి దిగి నిలబడేవాడు. తప్పు చేసినవాడి వినయం అనుకునేవాణ్ణి. బొగ్గు మాత్రం తీసుకునేవాణ్ణి, చలికి అభిమానం ఉండదు కదా.

ఇంత కడుపుమంటతోనూ ఆ గిటార్ వాయించకుండా ఉండలేకపోయాను. చేతిదురద. కానీ అదేం చిత్రమో, తీగలన్నీ కలిపి నొక్కే ఏ కార్డు పట్టినా అపశ్రుతే. శ్రుతి చేస్తే సరిగ్గానే ఉంటుంది, నేను వేళ్ళు పెట్టగానే స్వరం పైకి లేచిపోతుంది. పనితనంలో లోపమని మనసులో సంబరపడ్డాను, అబద్ధమెందుకు. ఆ కుర్రాణ్ణి పిలిపించాను. వాడు తీసుకుని వాయిస్తే తేనె కారింది. మళ్ళీ నా చేతికిచ్చి కాసేపు చూశాడు. "భయ్యా, మీరు వాయిస్తలేరు, దాని గొంతు పిసుకుతున్నరు" అన్నాడు. నా పాత గిటార్ మెడ వంగిపోయి తీగలు ఎత్తున నిలబడేవి. బలమంతా పెట్టి అదిమితే తప్ప పలికేది కాదు. ఇన్నేళ్ళూ అలా అదిమి అదిమి వేళ్ళు రాయిలా కాయలు కాశాయి. కొత్తదానికి ఆ బలం అక్కర్లేదు. ఎక్కువ నొక్కితే తీగ సాగి స్వరం చెడుతుంది. "ఊకె ఆనిచ్చుండ్రి, చాలు. అదే పలుకుతది" అని చెప్పి పోయాడు.

ఊరికే ఆనించడం! అరవై దాటాక నడక నేర్చుకున్నట్టయింది. మనసు వదిలెయ్యమంటే చెయ్యి వదలదు. చూపుడువేలు సరిచేస్తే బొటనవేలు వెనక నుంచి మెడ నులిమేది. భుజం బిగుసుకునేది, పళ్ళు కరుచుకునేవి. విసుగొచ్చి రెండుసార్లు పెట్టెలో పెట్టి మూతేశాను. మూడోవారంలో ఒకనాడు పొద్దున్నే, ఏ ధ్యాసా లేకుండా కూర్చున్నప్పుడు, ఆరు తీగలూ ఒక్కసారి శుభ్రంగా పలికాయి. గదంతా నిండింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, సంతోషంతో కాదు. ఇంత సులువా ఇది? మరి ఇన్నేళ్ళూ నేను చేసిన కుస్తీ ఎవరితో? నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరికీ ఆ కుస్తీనే నేర్పానా? ఆ రోజు తమ్ముడి మీద ఇంకా కోపం వచ్చింది. దోచుకున్నవాడే తీసుకొచ్చి ఇంత మంచి వస్తువు ఇవ్వాలా!

ఫంక్షన్‌కి వెళ్ళేటప్పుడే నిర్ణయించుకున్నాను. వాయించే ముందు మైకులో చెప్పేస్తాను. ఆ ఉద్యోగం నాది, నేను ఊళ్ళో లేనప్పుడు వీడికి రాయించారు, అంతే. తిట్టను, అరవను, చెప్పి వాయిస్తాను. కాలనీ కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ముందు వరసలో అవ్వ కొత్తచీరలో బొమ్మలా కూర్చుంది. ఎనభై దాటింది, చూపు తగ్గింది గానీ చెవులు పాము చెవులు. దండలు, శాలువాలు అయ్యాక తమ్ముడు నాకంటే ముందు మైకు అందుకున్నాడు.

"నేను ఇయ్యాల గిక్కడ నిలవడ్డనంటే మా అన్న పుణ్యం" అన్నాడు. "గీ ఉద్యోగం మా అన్నది. నేను తీస్కోనంటే తీస్కోనని రెండు పూటలు అన్నం తినలె. మా అవ్వ చెప్పింది, అన్ననే నిన్ను పొమ్మన్నడురా, పాటలు ఇడిసిపెట్టి బాయిల దిగుడు నాతోని కాదన్నడు, అని. నేను గుక్కపట్టి ఏడ్సిన. మా అన్న ఒక్కనాడు గా ముచ్చట ఎత్తలె. గంత పెద్ద మనసు." హాలంతా చప్పట్లు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ తల వంచుకుని కొంగు చివర ముడివేసి విప్పుతోంది.

మైకు నా ముందుకొచ్చింది. దాన్ని నోటి దగ్గర్నుంచి కిందికి, గిటార్ వైపు వంచాను. గిటార్ ఒళ్ళోకి తీసుకుని మొదటి కార్డు పట్టాను, ఉన్న బలమంతా పెట్టి. ఘోరంగా పలికింది. వెనక గోడకానుకుని నిలబడ్డ ఆ కుర్రాడు ఒక్కడే తల దించుకున్నాడు. మిగతావాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

భోజనాల దగ్గర అవ్వ పక్కన కూర్చున్నాను. "అవ్వా, నేనెప్పుడన్న గట్ల?" అన్నాను మెల్లగా.

"నువ్వు అనలే బిడ్డా. నేనే అన్న. మీ బాపు వాని పేరు రాయించె, వాడేమో అన్నది ముట్టనని మొండికేసె. కొలువు ఇద్దరికి గాకుంట పోతే ఇల్లెట్ల గడుస్తది?"

"మరి నాకు చెప్పద్దా?"

"నువ్వు అడుగుతవు, అప్పుడు చెప్దామనుకున్న. నువ్వు అడగనే లేదు." నా విస్తరిని తడిమి చూసింది. "బగారన్నం సల్లగైతున్నది, తిను" అంది.

తమ్ముడు వడ్డిస్తూ మా వరసలోకి వచ్చాడు. నా ముందు వంగి, "అన్నా, మంచిగున్నదా గిటార్? చేతికి సరిపోయిందా?" అన్నాడు. సరిపోయిందన్నాను. వాడు ఒక ముక్క ఎక్కువేసి ముందుకు కదిలాడు. కదిలే ముందు నడుం పట్టుకుని లేచాడు. ఆ నొప్పి వాడికి ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకు తెలియదు.

ఇప్పుడు వేళ్ళు చాలావరకు మాట వింటున్నాయి. ఊరికే ఆనిస్తే పలుకుతోంది. తమ్ముడు మాత్రం క్వార్టర్ ఖాళీ చేసి, అవ్వను తీసుకుని రామగిరి దగ్గర కట్టుకున్న ఇంటికి వెళ్ళిపోయాడు. ఎప్పుడొస్తవన్నా అని ఫోన్ చేస్తాడు. వస్తాననే అంటాను. కోపం వాడి మీద లేదు. బాపు ఎప్పుడో పోయాడు. ఆ ముసలిదాని మీద పడదామంటే చెయ్యి రాదు. ఇన్నేళ్ళు మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక ఇంట్లోనే ఉంచుకుని తిరుగుతున్నాను. పోయిన ఉద్యోగం సంగతి సరే, నాకది అలవాటే. ఇన్నాళ్ళూ నన్ను చూసి బండి దిగి నిలబడిన తమ్ముడితో, ఈ వయసులో, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.