గమ్మున చేసిన ఘనకార్యం

నోరున్నవాళ్ల నోరు మూయించడం ఎవరైనా చేస్తారు. నోరు విప్పండమ్మా అని రెండు రోజులు శిక్షణ ఇచ్చి, తీరా విప్పాల్సిన చోట ఇరవై ఇద్దరు ఆడవాళ్ల నోళ్లకు ఒకేసారి తాళం వేసిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు అతను రాసిందే చదువుతున్నారు. ఆ తాళం వేయడానికి నాకు ఒక్క మాట సరిపోయింది. అదీ తణుకులో మా అమ్మ రోజుకు పదిసార్లు వాడే మాట.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో సమాజసేవలో పీజీ పట్టా, భుజాన గుడ్డసంచి, మొహాన వారం రోజుల గడ్డం. పేదల కోసం పనిచేసేవాడికి గడ్డం ఉండాలని కాలేజీలో ఎవరూ చెప్పలేదు, అది నా సొంత పరిశోధన. ప్రొద్దుటూరులోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఏ కళనుందో నన్ను ఉద్యోగంలోకి తీసుకుని, పులివెందుల వైపు ఒక ఊరి పని అప్పగించింది.

పని ఇదీ. ఆ ఊరి ఎస్సీ కాలనీ నుంచి శ్మశానానికి పాత రికార్డుల్లో బండిబాట ఉంది. నేల మీద మాత్రం చీనీతోట, అంటే మా వైపు బత్తాయితోట, ఉంది. బోరులో నీళ్లు పడిన ఉత్సాహంలో తోట ఆసామి బాటను కూడా కలిపి కంచె వేసుకున్నాడు. అప్పటి నుంచి కాలనీలో ఎవరు పోయినా పాడెను వంకలోకి దింపి, అవతలి గట్టు ఎక్కించి, ఊరంతా చుట్టి తీసుకుపోవాలి. వానాకాలమైతే మోసేవాళ్లు మొలలోతు నీళ్లలో నడవాలి.

కాలనీలో అందరికంటే పెద్దది ఓబులమ్మ. డెబ్బై దాటాయి. మొదటిసారి కలిసినప్పుడే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది.

"మా ఆయప్ప బతికుండంగా నీళ్లు పోసుకోమంటే పారిపోయేటోడు నాయనా. సచ్చినంక వంకలో ముంచి మరీ తీసకపోయినారు. నన్నన్నా తిన్నగా తీసకపోవాల. నాకింగేం వద్దు."

విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాబట్టి నోట్‌బుక్ తీసి 'గౌరవప్రదమైన అంతిమయాత్ర హక్కు' అని రాసుకున్నాను. అప్పట్లో నాకు ఏం తోచకపోతే అలాంటిదేదో రాసుకునేవాణ్ణి.

అర్జీలు పెట్టగా పెట్టగా ఒక పెద్ద ఆఫీసరు ఊరికి వచ్చి విచారణ చేస్తానన్నారు. ఒకటే షరతు పెట్టారు. "సంస్థల వాళ్లు రాసిచ్చే కాగితాలు నాకొద్దు. ఆ కాలనీ ఆడవాళ్లు వాళ్ల నోటితో చెప్తేనే రాసుకుంటా."

అంటే మాట్లాడటం నేర్పాలన్నమాట. ఆహా, నా పట్టాకు పని దొరికింది!

మా సంస్థలో ఖాదర్ అని నాకంటే పదేళ్లు పెద్దవాడు, అక్కడివాడే, ఉన్నాడు. తమ్ముణ్ణి కువైట్ విమానం ఎక్కించడానికి మద్రాసు బయల్దేరుతూ నన్ను హెచ్చరించాడు.

"అప్పా, నేనొచ్చిందాకా రొంత ఆగు. నీ మాట వేరే, వాళ్ల మాట వేరే."

"తెలుగే కదా ఖాదర్ భాయ్!"

"తెలుగే. అందుకే భయపడతాండా."

నేను ఆగుతానా? జమ్మలమడుగులో ఒక హాలు తీసుకుని, గోడకు 'మా గొంతు మా హక్కు' అని బ్యానరు కట్టి, రెండు రోజుల శిక్షణ మొదలుపెట్టాను. ఎలా నిలబడాలో చూపించాను. ఎలా మాట్లాడాలో చూపించాను. ఆఫీసరుగా నేనే ప్రశ్న అడిగి, ఆడవాళ్లుగా నేనే జవాబు చెప్పి, ప్రజలుగా నేనే చప్పట్లు కొట్టాను. గొంతెత్తడం ఎలాగో నేర్పుతూ ఆ రెండు రోజులూ నా గొంతు ఒక్కటే ఎత్తాను. చివర్లో అసలు సూత్రం చెప్పాను.

"ఆఫీసరు గారికి తీరిక ఉండదమ్మా. ఆయన అడగ్గానే గమ్మున లేవాలి. గమ్మున చెప్పాలి. గమ్మున కూర్చోవాలి. అర్థమైందా?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓబులమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"లేసేది సరే, కూసునేది సరే. గమ్మున చెప్పేది ఎట్ల నాయనా?"

పాపం, బెరుకు అనుకున్నాను. "అలవాటైతే అదే వస్తుందమ్మా," అని అభయమిచ్చాను.

"సదువుకున్నోడు, ఏందో ఉంటాదిలే," అని పక్కామెతో అంది. నా మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

విచారణ రోజు వచ్చింది. బడి వరండాలో కుర్చీలు వేశారు. ఆఫీసరు గారు, పక్కన గుమాస్తా, ఎదురుగా ఇస్త్రీ మడత నలగని తోట ఆసామి. మెట్ల కింద మా ఇరవై ఇద్దరు. గోడ వారన గడ్డం నిమురుకుంటూ నేను.

"బాట యాడుంది సార్?" అన్నాడు ఆసామి. "ఉంటే ఈళ్లే చెప్తారు కదా. అడగండి."

"చెప్పండమ్మా. బాట ఉండేదా?" అన్నారు ఆఫీసరు.

ఇరవై ఇద్దరూ ఒక్కసారిగా లేచారు. నా ఒళ్లు పులకరించింది. ఇరవై ఇద్దరూ పెదాలు బిగించి, ఆయన్ను రెప్ప వేయకుండా చూస్తూ నిలబడ్డారు. ఒక్క శబ్దం లేదు.

"అమ్మా, అడుగుతోంది మిమ్మల్నే."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. గోడ దగ్గర నుంచి గుసగుసగా అన్నాను. "గమ్మున! గమ్మున!"

పెదాలు ఇంకా బిగిశాయి. వెనక వరసలో ఒకామెకు దగ్గు వస్తే పైట కొంగు నోట్లో కుక్కుకుంది. నేను రెండు చేతులూ ఊపుతూ పైకే అరిచాను. "గమ్మునమ్మా! గమ్మున!" ఓబులమ్మ నా వైపు జాలిగా చూసింది. ఇంతకంటే ఎట్ల మూసుకోవాల నాయనా, అన్నట్టుంది ఆ చూపు.

"చూసినారు కదా సార్," అన్నాడు ఆసామి, మీసం కింద నవ్వుకుంటూ. గుమాస్తా కలం తీసి 'అభ్యంతరాలు ఏమీ' దాకా రాశాడు.

నేను ఒక్క దూకున వరండా ఎక్కాను. "సార్, నేను చెప్తాను! బాట ఉంది సార్!"

"మీదే ఊరు?"

"తణుకు సార్."

"మీకూ ఇక్కడి శ్మశానంలోనే చోటు కావాలా?"

ఆ క్షణంలో ఇస్తే తీసుకునేవాణ్ణి. ఓబులమ్మను వంకలో ముంచబోయేది ఆసామి కాదు, నేనే అని అప్పటికి తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే పులివెందుల బస్సు దిగి, భుజాన సంచితోనే ఖాదర్ పరుగున వచ్చాడు. నా 'గమ్మున' అతనికి రోడ్డు మీదికే వినబడిందట. లేచి నిలబడ్డ ఆడవాళ్లను చూశాడు, నన్ను చూశాడు, తల పట్టుకున్నాడు.

"ఏం చెప్పినావప్పా ఈళ్లకు?"

"గమ్మున మాట్లాడమన్నాను. అంటే త్వరగా."

"నీ దేశంలో త్వరగా! ఈడ గమ్మునుండమంటే నోరు మూసుకోమని!" అని, వాళ్ల వైపు తిరిగి కేక పెట్టాడు. "అమ్మా! ఈ సారు చెప్పింది బిరీన మాట్లాడమని! మాట్లాడండి!"

ఓబులమ్మ గుండెలనిండా గాలి పీల్చుకుంది. "ఆ మాట మొదుట్నే చెప్పి సావగూడదా?"

ఆ తర్వాత జరిగింది మాటలు కాదు, వంకకు వరద. బాట యాడ మొదలైతాదో ఒకామె, యాడ మళ్లుతాదో ఇంకొకామె, కంచె కింద పూడిపోయిన గుర్తురాయి ఏ చీనీచెట్టు మొదట్లో ఉందో మరొకామె. అందరి వెనకా ఓబులమ్మ తన మొగుడి ఆఖరి స్నానం కథ చెప్పింది. గుమాస్తా రాసిందాన్ని అడ్డంగా కొట్టేసి కొత్త కాగితం తీసుకున్నాడు. ఆఫీసరు లేచి, "ఆ రాయి చూపించండి," అన్నారు.

రాయి చెప్పిన చోటే ఉంది. కొలతలయ్యాయి. కొన్నాళ్లకు కంచె వెనక్కి జరిగింది.

బాట తెరిచిన రోజు నాకూ మైకు ఇచ్చారు. "సాధికారత అంటే ఏమిటి?" అని గొంతు సవరించుకున్నానో లేదో, కింద నుంచి ఓబులమ్మ చెయ్యెత్తింది. "ఇంగ గమ్మునుండు నాయనా." ఈసారి అర్థమైంది. కూర్చున్నాను. నా ఉద్యోగ జీవితంలో అన్ని చప్పట్లు మళ్లీ పడలేదు.

ఓబులమ్మ ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. "ఇంత మంచి బాట పడినంక అప్పుడే యాడ పోతా, ఇంగా రొన్నాళ్లు నడుస్తా," అంటూ రోజూ మేకలను ఆ దారినే తోలుకుపోతుంది. నేను కనబడితే మాత్రం ఆపి ఒక మాట తీసుకుంటుంది. "నేను పోయిన దినం నువ్వు రావాల. అయితే ఆ పొద్దన్నా గమ్మునుండాల."

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, గీసేసిన నా గడ్డం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఎవరికీ మాట్లాడటం నేర్పను. ఓబులమ్మకిచ్చిన మాటలో అర్థాలు తారుమారు కానివ్వను. బిరీన వస్తాను. గమ్మునుంటాను.