సూది మానిన మూడు రోజులు

మా చెల్లెలి తొడలు చూసినవాళ్లు ఈ పిల్లకి ఇంట్లో వాతలు పెడుతున్నారనుకునేవాళ్లు. వాతలు కావు, సూదిపోట్లు. పొడిచేది నేనే. పొద్దున గంజికి ముందొకటి, సాయంత్రం అన్నానికి ముందొకటి. దానికప్పుడు పన్నెండేళ్లు, నాకు పంతొమ్మిది. పెళ్లయిన మూడో నెలలోనే మా ఆయన కొలంబోలో కొట్టు పనికి పోవడంతో నేను కోవిల్‌పట్టిలో పుట్టింట్లోనే ఉండిపోయాను. మా తల్లి ఎప్పుడో పోయింది. ఇంట్లో నాయన, నాయన్ని కన్న అవ్వ, నేను, అది. అంతే.

ఇది ముప్పైలనాటి మాట. దానికి చక్కెర జబ్బని తేల్చింది విరుదునగర్ డాక్టరు. అవ్వ మాత్రం తను పోయేదాకా ఆ ఊరిని పాతపేరుతో విరుదుపట్టి అనే అన్నది. పదేళ్ల ముందైతే ఇలాంటి పిల్లలు నెలల్లోనే ఎండుకుపోయి చచ్చిపోయేవాళ్లనీ, ఇప్పుడు ఇన్సులిన్ అనే మందు వచ్చిందనీ, అది రోజూ పొడుస్తుంటే పిల్ల బతుకుతుందనీ ఆయన అరవంలో నిదానంగా చెప్పాడు. నాయన ఏడ్చాడు. నేను ఏడవలేదు. "ఎన్నాళ్లు పొడవాలి?" అని అడిగాను. "ఉన్నన్నాళ్లూ" అన్నాడు. "ఒక్కరోజు కూడా మానకూడదు" అని కూడా అన్నాడు. ఆ మాట నాతోనే అన్నాడు, నా మొహం చూసే అన్నాడు.

మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివిన పాపానికి కాంపౌండరు ఆ పని నాకే నేర్పాడు. గాజు సిరంజిని గిన్నెలో కాచడం, మందు కొలిచి తీయడం, చర్మం చిటికెడు పైకెత్తి పొడవడం. సూదులు రెండే ఇచ్చాడు. మొద్దుబారితే మంగలి సానరాయి అడిగి తెచ్చి నూరుకునేదాన్ని. మందు సీసా నీళ్ల కుండ పక్కన తడి ఇసుకలో పాతిపెట్టి ఉంచేవాళ్లం. మా ఊరి ఎండకి మనుషులే ఉడికిపోతారు, మందెంత!

పొడవడం నేర్చుకున్నాను గానీ, పొడిచాక వచ్చేదాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. గంట తిరక్కుండా అక్కడ రూపాయి బిళ్లంత ఎర్రగా ఉబ్బేది. చెయ్యి పెడితే కాలేది. ఇక దురద చెప్పనక్కర్లేదు, రక్తం వచ్చేదాకా గోక్కునేది. మర్నాటికి లోపల చింతగింజంత గడ్డ. కొన్నిచోట్ల నెల పోయాక కండ కరిగి గుంట పడింది. కుడి తొడ, ఎడమ తొడ, భుజాలు, పొట్ట, ఇలా చోటు మార్చి మార్చి పొడవమన్నాడు డాక్టరు. మార్చాను. మార్చడానికి ఆ పిల్ల ఒంటిమీద చోటేదీ? నిండా అరవై పౌన్లు లేదు. ఎర్రబడినా భయపడొద్దు, ఒళ్లు అలవాటు పడుతుంది అన్నాడు. ఏడాదైనా ఒళ్లు అలవాటు పడలేదు. అవ్వ కుప్పింటాకు నూరి రాసింది, పసుపు రాసింది, చల్లటి గుడ్డ వేసింది. ఏదీ పనిచెయ్యలేదు.

సూది వేళకి పెరట్లో పత్తికట్టె పోగు వెనక దాక్కునేది. జడ పట్టుకుని ఈడ్చుకొచ్చేదాన్ని. "నువ్వు అక్కవి కాదే, తేలువి!" అని అరిచేది. ఒకరోజు సూది విరిగేంతగా గింజుకుంటే చెంప పగలగొట్టాను. ఆ తర్వాత అది దాక్కోవడం మానేసింది. వేళకి వచ్చి కూర్చుని, పావడా పైకి లాక్కుని, గోడ వైపు తిరిగి పళ్లు బిగించేది. దానికంటే పారిపోయినప్పుడే నయం. నాది మాత్రం రాయిగుండె అనుకున్నారా? పొడిచిన చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి పోయి అక్కడే ఏడ్చేదాన్ని, లోపలికొచ్చి మళ్లీ దాన్నే కసిరేదాన్ని.

మందు నెలకోసారి నాయన రైలెక్కి విరుదునగర్‌లో కొనుక్కొచ్చేవాడు. ఆ పంగుని నెలలో, ఎండలు ముదిరేవేళ, ఎప్పుడూ తెచ్చే సీసా దొరక్క అంగడివాడు ఇంకో రకం ఇచ్చాడు. అదీ ఇన్సులినే, డాక్టరుని అడిగే తెచ్చానన్నాడు నాయన. పొడిచాను. రెండో రోజుకి పొడిచినచోటే కాదు, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మెడ, వీపు, అరచేతులు కూడా. కళ్లు వాచిపోయాయి. ఒళ్లు సెగలు కక్కుతోంది.

అవ్వ వచ్చి చూసింది. చూసి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"ఇది సూదీ కాదు గీదీ కాదు. అమ్మోరు దిగిండాది. పక్కవీదిలో ముగ్గురికి పోసిండాది, సూడలా?"

"అవ్వా, ఇది కొత్త మందు దద్దురు," అన్నాను. "పాతదానికి గుచ్చినచోటే వస్తాండె, దీనికి ఒళ్లంతా వచ్చిండాది. బండి కట్టించు, డాక్టరు దగ్గరికి పోదాం."

"నాకు సెప్పొచ్చినావా నువ్వు? నా కడుపున పుట్టినోళ్లను ఇద్దర్ని అమ్మోరికి ఇచ్చినదాన్ని. పెద్దోడికి ఇట్లనే మీ తాత దొర ఆస్పత్రిలో మందు పోయించె. ఏమాయ? అమ్మోరుండే ఒంట్లో ఇనుము గుచ్చితే కండ్లు తీసుకోని పోతాది. సూది మాట ఇంట్ల ఎత్తొద్దు."

ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నదానితో ఏం వాదిస్తాం? నాయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, "మూడు దినాలే గదమ్మా. మూడోనాడు తలకి నీళ్లు పోసి, నాలుగోనాడు మొదలుపెడదాం," అన్నాడు.

నా నోటికి వీధి వీధంతా భయపడేది. ఆ రోజు గొంతు చించుకుని అరిచి ఉండాల్సింది. వీధిలోకి పోయి రచ్చ చేసి ఉండాల్సింది. అరవలేదు. ఎందుకని ఇన్నేళ్లు నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, జవాబు మొదటి రోజునుంచీ తెలుసు. మూడు రోజులు సూది పట్టుకోనక్కర్లేదు అన్నమాట వినగానే నా ప్రాణం హాయిగా ఊపిరి తీసుకుంది. అది అమ్మోరే అయితే బాగుండునని నేనే కోరుకున్నాను. ఛీ, ఏం మనిషిని!

గుమ్మానికి వేపమండ కట్టారు. పోపు మానేశారు, పరాయివాళ్లని రానివ్వలేదు. వేపాకూ పచ్చిపసుపూ మెత్తగా నూరి, అవ్వ చెల్లెలికి మెడనుంచి పాదాలదాకా పూసి అరటాకు మీద పడుకోబెట్టింది. చల్లదనానికని పానకం చేసింది. ఏడాదిగా తీపి నాలుకకి తగలని పిల్ల. చెంబు రెండు చేతులా పట్టుకుని గుటగుటా తాగి, మూతి తుడుచుకోకుండానే నన్ను చూసి నవ్వింది.

"అక్కా, అమ్మోరు ఎన్నాళ్లుంటాది?"

"మూడు దినాలు."

"ఇంకొన్ని దినాలు ఉండమని మొక్కుకోనా?"

నవ్వాను. నిజంగా నవ్వాను, దాని నుదురు మీద ముద్దు పెట్టాను. మా ఇద్దరి మధ్యా ఏడాదిగా లేని చనువు ఆ రోజంతా ఉంది. విసనకర్రతో విసురుతూ కథలు చెప్పాను. అవ్వ పానకం పోస్తూనే ఉంది, అది తాగుతూనే ఉంది.

రెండో రోజు దాహం ఎక్కువైంది. తాగినదంతా ఒంటికి పోతోంది, మళ్లీ దాహం. మధ్యాహ్నానికి వాంతులు. "అమ్మోరు లోపలి వేడి తీస్తుండాది," అంది అవ్వ. నేను ఇసుకలోంచి సీసా తీశాను. సిరంజి గిన్నెలో పెట్టాను. పెరట్లో ఎవరూ లేరు, దొంగతనంగా పొడిచేసినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ అది కళ్లు మూసుకుని పడుకుని, నా అడుగుల చప్పుడు విని, "సూదా అక్కా?" అంది. ఆ గొంతులో భయం విని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "లేదే, నీళ్లు," అన్నాను. సీసా మళ్లీ ఇసుకలో పెట్టేశాను. రేపటితో మూడు రోజులయిపోతాయి కదా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున అది పిలిస్తే పలకలేదు. లోతుగా, గబగబా, ఆగకుండా ఊపిరి తీస్తోంది. దగ్గరికి వంగితే నోట్లోంచి మగ్గిన అరటిపండు వాసన. అవ్వకీ ఆ వాసన తెలిసింది. "సూడు, అమ్మోరు పూలూ పండ్లూ పెట్టుకోని వచ్చిండాది," అని కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెట్టింది. మొదటిసారి విరుదునగర్ తీసుకుపోయినప్పుడు డాక్టరు నా తల వంచి దాని నోటి దగ్గర పెట్టి, ఈ వాసన గుర్తుపెట్టుకో, ఇది చావు వాసన అని చెప్పిన వాసనే అది.

ఎవర్నీ అడక్కుండా సూది కాచాను. పసుపు పూత వేలితో తుడిచి తొడలో పొడిచాను. అవ్వ అడ్డు రాలేదు. ఎప్పుడూ పళ్లు బిగించే పిల్ల కదల్లేదు కూడా. నాయన అంగవస్త్రం కూడా లేకుండా జట్కా కోసం పరుగెత్తాడు.

రైల్లో నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. సాత్తూరు ఇంకా రాలేదు. ఊపిరి నెమ్మదించింది. తగ్గుతోందని నాయనతో అన్నాను. తగ్గలేదు, ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన, "పాపకి నిద్ర పట్టిందా?" అని అరవంలో అడిగాడు. అవునన్నాడు నాయన. సాత్తూరులో దిగి, ఎద్దులబండి మాట్లాడుకుని, పత్తిచేల మధ్య దాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. దారంతా నేను లోపల మాటలు పోగుచేసుకుంటున్నాను. ఇంటికి పోగానే అవ్వ మొహం మీద ఉమ్మేసినట్టు అడగాలి. నువ్వే చంపావు, నీ అమ్మోరు చంపింది, నీ పానకం చంపింది అని.

సాయంత్రం పీట మీద కూర్చోబెట్టి నీళ్లు పోశాం. నేను పట్టుకున్నాను, అవ్వ పోసింది. ఎండి పెళుసుబారిన పసుపు పూత నానింది. తర్వాత పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అవ్వ అరచేత్తో దాని తొడ రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయింది. వీపు చూసింది. మెడ చూసింది. మళ్లీ తొడ చూసింది. పొక్కు లేదు, మచ్చ లేదు. ఆ చివరి సూదిపోటు ఒక్కటి తప్ప ఎరుపన్నదే లేదు. పాత గుంటలు తప్పితే, ఏడాది తర్వాత దాని ఒళ్లు నున్నగా, చంటిపిల్ల ఒళ్లులా ఉంది.

"అమ్మోరు పోసుంటే మచ్చ ఉండాలి గదమే?" అంది అవ్వ.

పోగుచేసుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ అనలేకపోయాను. ఆమెకి తెలియక చేసింది. నేను తెలిసి ఊరుకున్నాను.

"అమ్మోరు సల్లగా పోయింది గద అవ్వా, నీ మొక్కుకి మెచ్చి మచ్చ పెట్టలేదు," అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. నమ్మలేదు. చెంబు నా చేతికిచ్చి, గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. మిగిలిన నీళ్లు నేనే పోశాను.