జమ్లీ పుట్టువెంట్రుకలు

కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. అంగన్‌వాడీ తలుపులు మూసినా ఘాటు లోపలికి వస్తోంది, పిల్లలు వరసగా తుమ్ముతున్నారు. ఈ ఘాటు వచ్చిందంటే నాకు రత్నకుమారి టీచరుగారు గుర్తొస్తారు. ఇదే గదిలో ఆవిడ దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆవిడ పోయారు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను, అంతే.

నేను పని నేర్చుకుంటున్న ఏడు మిరప కోతలకు వచ్చిన లంబాడీ కూలీల్లో జమ్లీ అనే నాలుగేళ్ల పిల్ల ఉండేది. జుట్టు నడుం దాకా, నిండా పేలు. వాళ్ల తండా దేవత దగ్గర మొక్కు తీరేదాకా కత్తెర పెట్టకూడదని తల్లి ముందే చెప్పింది. టీచరుగారు రోజూ వేపనూనె రాసి, పేనుదువ్వెనతో దువ్వేవారు. అదీ “దువ్వనా జమ్లీ?” అని అడిగి, ఆ పిల్ల తలూపితేనే. పసిపిల్లని అడిగేదేమిటని నేను నవ్వితే, “తల దానిది కదమ్మాయ్” అన్నారు.

ఊళ్లో తల్లులు ఊరుకుంటారా? ఒకావిడ గుమ్మంలోకే వచ్చింది. “మా పిల్లలకీ ఎక్కుతన్నాయి టీచరమ్మా. గుండన్నా చేయించండి, బడన్నా మానిపించండి.”

“మీవాడి పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించావే?”

“కొండ మీద. మా తమ్ముడి ఒళ్లో కూచోబెట్టి.”

“మరి ఈ పిల్లకి మేనమామ లేడనుకున్నావా?”

ఆవిడ వెళ్లిపోయింది గానీ గొడవ పోలేదు. మేమిద్దరం మీటింగుకి గుంటూరు వెళ్లిన రోజున, మంచే చేస్తున్నాననుకుని ఆయా కోటమ్మ మంగలిని పిలిపించింది. ఏడుస్తున్న పిల్లని తనే గట్టిగా పట్టుకుందట. మేం వచ్చేసరికి గది ఊడ్చేసి ఉంది.

మర్నాడు జమ్లీ రాలేదు. టీచరుగారు నన్ను వెంటబెట్టుకుని చేలోకి నడిచారు. గట్టు మీద కూర్చున్న ఆ పిల్ల మమ్మల్ని చూడగానే రెండు చేతులతో బోడితల కప్పుకుంది. టీచరుగారు ఆ మట్టిలోనే కూర్చుండిపోయారు. “ముట్టుకోనమ్మా. నిన్ను అడక్కుండా చేశారు. తప్పు మాది” అన్నారు. తల్లితో కాదు, ముందు పిల్లతోనే. ఆ పిల్ల చేతులు తీయలేదు.

తల్లి కాయలు కోస్తూనే, “నువ్వు లేవు కదమ్మా. మా మొక్కు పోయింది, ఏం చేస్తాం” అంది. ఆ మాటకు టీచరుగారు దారంతా ఏడ్చారు. కోతలయ్యేదాకా జమ్లీ ఆ ఘాటులో, ఎండలో గట్టు మీదే ఉంది. తర్వాత వాళ్లు వెళ్లిపోయారు.

కొత్తగా వచ్చిన ఆయాలకు ఇది చెబితే, “గుండేగా మేడం, మళ్లీ పెరగదా ఏంటి?” అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. జుట్టు పెరిగే ఉంటుంది. ఎవరిదైనా చెయ్యి దగ్గరికొస్తే ఆ పిల్ల తల దాచుకోవడం మానేసిందో లేదో, అది మాత్రం నాకు తెలియదు.