వారం వారం పరీక్ష పెట్టిన మేడం

మొన్న సాయంత్రం తార్నాకలోని మా ఇంట్లో, లా చదువుతున్న మా మనవరాలు పుస్తకం పక్కకు నెట్టి, "మా కాలేజీల ప్రతి పాఠానికి ముందే మాకేం రావాలో రాసిస్తరు, వారం తిరగకముందే టెస్టు పెడ్తరు, ఊపిరాడ్తలేదు అమ్మమ్మా" అని విసుక్కుంది. ఓదార్చాల్సింది పోయి నేను నవ్వాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో ఏడాదంతా పాఠాలు వినడం, చివర ఒక్క పరీక్ష రాయడం, ఫలితం వచ్చాక సంతోషపడడమో ఏడవడమో, అంతే కదా.

నేను జనగామ దగ్గరి పల్లెలో పుట్టి, డిగ్రీ దాకా తెలుగులోనే చదువుకుని లా కోసం వచ్చినదాన్ని. రైల్వేలో పనిచేసే మా అన్న మెట్టుగూడలోని తన చిన్న క్వార్టర్‌లో నాకింత చోటిచ్చాడు. పొద్దున్నే వదిన కట్టిచ్చిన డబ్బా పట్టుకుని తార్నాక మీదుగా యూనివర్సిటీకి నడిచి వెళ్లేదాన్ని. మొదటి ఏడాది సెక్షన్లన్నీ బట్టీ పట్టాను, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, అయినా పరీక్ష పోయింది. ఎందుకు పోయిందో చెప్పేవాళ్లు లేరు. చదువు చాలించి ఇంటికి రమ్మని నాన్న కబురు పంపితే, అన్నే అడ్డం పడి "ఇంకొక్క ఏడాది చూద్దాం నాయినా" అని ఒప్పించాడు.

ఆ ఏడాదే మాకు కొత్తగా ఒక మేడం వచ్చారు. వరంగల్ వైపు మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. రోజూ పాఠం మొదలుపెట్టే ముందు, ఈ గంట అయ్యేసరికి మీరు ఫలానా పని చేయగలగాలి అని బోర్డు మీద ఒక్క వాక్యం రాసేవారు. శనివారం వస్తే ఒక పేజీ పరీక్ష. నల్లకుంటలో ఒక ఇంటి ఓనరు కిరాయికున్నామె సామాను బయట పడేసి తాళం వేసుకున్నాడు, ఆమె మీ దగ్గరికి వస్తే ఏం చేస్తారు, ఇటువంటి ప్రశ్నలు. వెనక బెంచీ నుంచి ఒకాయన "ఇదేమన్న చిన్నపిల్లల బడా మేడం, వారం వారం పరీక్షలేంది" అని అడిగేశాడు.

"మీకు రాలేదని ఏడాది చివర తెలిస్తే నేనేం చెయ్యాలె? ఇప్పుడు తెలిస్తే మళ్ల చెప్త" అని ఆవిడ బోర్డు వైపు తిరిగారు.

నా కాగితం మీద మార్కులు చాలా తక్కువగా ఉన్నాయి, పక్కన "సెక్షన్లన్నీ రాశావు, ఆమెకేం కావాలో రాయలేదు" అని ఉంది. తర్వాతి వారమూ అదే మాట. ఇక నావల్ల కాదనుకుని క్లాసుకు పోవడం మానేసి, ఊరికి పోవడానికి బట్టలు సర్దుకుంటుంటే, ఆవిడే మా క్వార్టర్ వెతుక్కుంటూ వచ్చారు. వదిన చాయ్ పెట్టింది. నేను తలుపు పక్కనే నిలబడిపోయాను.

"నీ కాగితం చూస్తెనే నేను యాడ సరిగ చెప్పలేదో నాకు తెలుస్తది. నువ్వే రాకపోతే ఎట్ల?" అన్నారు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆ కిరాయికున్నామె నువ్వే అనుకో. సామాను రోడ్డు మీదున్నది. ముందుగాల నీకేం కావాలె?"

"ఇంట్లకు పోవాలె మేడం."

"అదే రాయి ముందు. ఏ సెక్షనో తర్వాత చూసుకుందువు."

అంత సులువైన సంగతి నాకు అంతవరకు తట్టలేదు. బట్టలు మళ్లీ అలమారలో పెట్టాను. ఆ శనివారం నుంచి ఒక్క పరీక్షా మానలేదు, మార్కులు మెల్లగా పెరిగాయి, ఆ ఏటి చివర మొదటి ఏడాది పోయిన పరీక్షతో సహా అన్నీ పాసయ్యాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కోర్టులో వకీలుగా పనిచేశాను. మనిషి ఎదురుగా కూర్చున్నాక చట్టం తీయకముందే మీకేం కావాలమ్మా అని అడగడం నాకు ఆవిడ పెట్టిన అలవాటు.

అప్పుడు ఆవిడ ఒక్కరే పట్టుబట్టి చేసిన పని ఇప్పుడు కాలేజీల్లో నియమమైంది, నాకు సంతోషమే, ఎంతమంది పిల్లలకో ఏడాది వృథా కాకుండా మిగులుతుంది. కానీ ఇంతమంది పిల్లలు, ఇన్ని టెస్టులు, మార్కులు ఫోన్లలోకే వచ్చి పడుతుంటే, రాని పిల్ల ఏమైందోనని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లే వీలు ఇప్పటి టీచర్లకు ఎక్కడిది? ఆ వీలున్న రోజుల్లో నేను చదువుకున్నాను.