ఎదురుకాళ్ళ గురవమ్మకు మూడు రోజుల సెలవు

గురవమ్మ తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి వచ్చింది. లోకం ఎలాంటిదో చూడకముందే దాన్ని తన్నిందన్నమాట. ఆ తరవాత నలభై అయిదేళ్ళు బతికి చూసినా ఆ తన్ను పొరపాటని ఆమెకు ఏనాడూ తోచలేదు.

మనుబోలుకు తూర్పున, ఉప్పుగాలి తగిలే ఆ పల్లెల్లో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్లూ బెణుకులూ పోతాయని నమ్మకం. అందుచేత తెల్లవారేసరికి గురవమ్మ గుడిసె ముందు ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. ఆమె నీడ పడితే స్నానం చేసే పెద్ద రైతులు కూడా వీపు మీద ఆమె కాలు పెట్టించుకుని, స్నానం సంగతి మరిచిపోయి, ఇంటికి నడిచిపోయేవారు. డబ్బు మాత్రం ఇవ్వకూడదు. పుచ్చుకుంటే కాలికున్న గుణం పోతుందట. ఆ నియమం పెట్టింది ఎవరో గానీ, కాలు ఉన్నవాడు కాదు, నడుం ఉన్నవాడు.

తన కాలిలో ఏ గుణమూ లేదని గురవమ్మకు బాగా తెలుసు. కిటుకంతా తొక్కిన తరవాత ఆమె చెప్పే పనుల్లో ఉంది. బెణికిన రోజు చన్నీళ్ళలో తడిపిన గుడ్డ. వేడి దగ్గరికి రానివ్వదు, పిసకనివ్వదు. ఒకటి రెండు రోజులు పోయాక వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం, చింతపండూ రాళ్ళుప్పూ ఉడికించి గోరువెచ్చగా పట్టు. ఆఖరున కళ్ళు పెద్దవి చేసి హెచ్చరించేది.

"మూడు దినాల్లోపల పనిలోకి పొయినావంటే నా తొక్కుడు తిరగబడతాది. మళ్ళా నన్నడగబాక."

వాపు తీసేది పట్టు, నొప్పి తీసేది ఆ మూడు రోజులు, పేరు మాత్రం కాలికి. కాలు బెణికిందని కూలివాడు చెబితే "వేషాలెయ్యబాకరా" అనే రైతు, గురవమ్మ తొక్కిందంటే నోరు మూసుకునేవాడు. ఆ ఊళ్ళో సెలవు చీటీ కాగితం మీద కాదు, వీపు మీద రాసేవారు.

మొలగొలుకుల వరినాట్లు మొదలైన వారంలో గురవమ్మ నారుకట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడుస్తూ జారిపడింది. సాయంత్రానికి చీలమండ కొబ్బరికాయంత అయింది. పన్నెండు మంది ఆడవాళ్ళ వరసలో మొదట నిలబడి మునుము పట్టేది ఆమె. ఆమె చెయ్యి ఎంత వేగంగా ఆడితే తక్కిన చేతులన్నీ అంత వేగంగా ఆడాలి. కూలి కాస్త ఎక్కువ గిట్టే ఆ చోటు కోసం మస్తానమ్మ ఆరేళ్ళుగా కాచుకుని ఉంది. ఒక్క పూట ఖాళీ అయితే చాలు, ఇక ఈ జన్మకు అది గురవమ్మది కాదు.

పొలం ఆసామి జయరామయ్య స్వయంగా వచ్చి గుడిసె ముందు నిలబడ్డాడు.

"ఏందే గురవమ్మా, ఊరందరి కాళ్ళూ బాగు చేస్తావు, నీ కాలు బాగు చేసుకోలేవా?"

"నన్ను నేను తొక్కుకునేదెట్టయ్యా? అంత ఇద్దె ఉంటే దొమ్మరోళ్ళ మాదిరి గడెక్కి ఆడేదాన్ని గదా."

"అయితే రేపు మస్తానమ్మ మునుము పడతాది. నారు ముదిరిపోతుండాది."

తొక్కేవాళ్ళు లేకపోతే మూడు రోజులూ లేవు. అప్పుడు మూలన ఆకూవక్కా నములుతూ కూర్చున్న అంకాలమ్మ నోరు తెరిచింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మంత్రసాని ఆమె.

"తొక్కేవోళ్ళు లేకేం? అయ్య ఉండాడు గదా."

"ఏ అయ్య?" అన్నాడు జయరామయ్య.

"నువ్వే నాయనా. నిన్ను లాగింది నేను గాదా? కాళ్ళే ముందొచ్చినాయి. కూలోళ్ళ నడుములు తొక్కి నీ కాలు అరిగిపోతాదని మీయమ్మ నా నోట్లో బెల్లం గెడ్డ పెట్టి చెప్పబాకన్నది. ఆ బెల్లం కరిగి యాబయ్యేళ్ళయిందిలే."

జయరామయ్య మొహం మాడింది. చూడవచ్చిన నాట్ల ఆడవాళ్ళ వెనకనుంచి ఒక గొంతు, "అయ్య తొక్కేది మనకేమన్నా కొత్తంటమ్మే?" అంది. గుడిసె నవ్వుతో కదిలింది.

గురవమ్మ మాత్రం నవ్వలేదు. ఊళ్ళో ఇంకో కాలు ఉందని ఒప్పుకుంటే తన కాలి పేరు సగమవుతుంది. ఒప్పుకోకపోతే మునుమే పోతుంది. పేరు ఏనాడూ కూడు పెట్టలేదు. ఆమె గడపలోంచి కాలు బయటికి చాపింది.

"పెట్టయ్యా. బొటనేలు చాలు. మెల్లిగా."

రేపు పొద్దునకల్లా లేచి మడిలోకి వస్తుందన్న ఆశతో జయరామయ్య చెప్పు విడిచి, కళ్ళు మూసుకుని, వేలు ఆనించాడు.

"లెయ్యి ఇంక."

"అదెట్టయ్యా! మూడు దినాలు నేల మోపకూడదు. మోపితే తొక్కుడు తిరగబడతాది. నిరుడు నీ నడుం పడితే నువ్వూ మూడు దినాలు పండుకున్నావు గదా."

"మరి మునుమో?"

"నా చోటు నాకుంచు. తొక్కినోడే దాన్ని ఇంకోరికిచ్చినాడనుకో, ఈ వాపు ఎవురికి పోతాదో నేను చెప్పలేను."

జయరామయ్య తన కాలి వంక ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పదకొండు మంది, మొదటి చోటు వదిలేసి, తోచినంత నిదానంగా నాటారు. గురవమ్మ కాలిని మడత వేసిన గోనెల మీద ఎత్తి పెట్టుకుని, తడిగుడ్డతో మొదలుపెట్టి పట్టుదాకా తన వైద్యం తనే చేసుకుంది. ఊరి వాళ్ళంతా ఏం సుఖపడ్డారో ఆమెకు మొదటిసారి తెలిసింది.

నాలుగోరోజు వాపు తగ్గింది. బురదలో దిగితే నరం కొంచెం లాగుతోంది, అంతే. మొదటి చోట నిలబడి వెనక్కి చూస్తే వరసలో ఏడుగురే ఉన్నారు.

"తక్కినోళ్ళేరే?"

"అయ్య వాకిట్లో ఉండారు," అంది మస్తానమ్మ, పక్క చోటులో మొహం ముడుచుకుని. "నడుం పట్టిందంట. అయ్య తొక్కితే గానీ లెయ్యం అంటుండారు. నిజంగా పట్టిందంటావా అక్కా?"

"నాటేవోళ్ళకు నడుం పట్టని దినం యాడుందే?" అంది గురవమ్మ, నారు అందుకుంటూ. "ఒంగు."